చుట్టాలకు సువార్త: మొహమాటం పోగొట్టుకునే మార్గాలు

రైల్లో పక్క సీటాయనకి కరపత్రం ఇవ్వమంటే ఇస్తాం. బస్టాండులో మైకు పట్టుకోమంటే పట్టుకుంటాం. మేనమామ ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎండల గురించి తప్ప ఇంకో మాట నోట్లోంచి రాదు. ఉపవాస ప్రార్థనల్లో విశ్వాసులు కన్నీళ్ళతో ఒప్పుకునే బలహీనతల్లో ఇదొకటి. దీని పేరు మొహమాటం. ఇందులో కాస్త ప్రేమ కూడా ఉంటుందని, అవతలి మనిషి మనసు కనిపెట్టి మసులుకోవడమని కొందరు మెతకవాళ్ళు అంటారు. వాళ్ళ మాట వింటే మీరు జన్మలో ఒక్క ఆత్మనూ సంపాదించలేరు. ఈ కింది పద్ధతులు పాటించండి, సంక్రాంతి నాటికి మీ మొహమాటం పూర్తిగా పోతుంది. సంక్రాంతికి పిలిచే చుట్టాలు కూడా పోవచ్చు. దాన్ని హింస అంటారు. అదీ మీ ఖాతాలోనే జమ అవుతుంది.

ముందు పాత బాకీల సంగతి

మన నోరు ఎందుకు పెగలదో ముందు తెలుసుకోవాలి. చుట్టాలకు మన సంగతి తెలుసు, అదీ చిక్కు. చీటీ ముందే పాడుకుని, ఆ తర్వాత వాయిదాలు ఎగ్గొట్టిన సంగతి పిన్నికి తెలుసు. నాన్న పోయాక పొలం గట్టు దానంతటదే రెండు గజాలు జరిగిన సంగతి బాబాయికి తెలుసు. ఇంట్లో ఆడవాళ్ళతో మనం ఎలా మాట్లాడతామో వదిన చెవులారా వింది. రైల్లో ఆయనకి ఇవేమీ తెలియవు గనక ఆయన ముందు మనం పరిశుద్ధులం.

పిన్ని డబ్బు తిరిగిచ్చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఆ పని మాత్రం చేయకండి. జక్కయ్య చేశాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇచ్చేస్తానన్నాడని లూకా రాశాడు. ఆయన సుంకపు గుత్తదారు, ఆయనకి చెల్లుతుంది. మీరు కొత్త సృష్టి అయ్యారు గనక, పాత మనిషి పాడుకున్న చీటీకి కొత్త మనిషి పూచీ పడడని చెప్పండి. చెప్పేటప్పుడు పిన్ని కళ్ళలోకి చూడాల్సిన పని లేదు, పైకి చూడండి.

పొరపాటున మీరు డబ్బంతా లెక్కగట్టి, వడ్డీ కలిపి, కవర్లో పెట్టి ఆమె చేతిలో పెట్టారే అనుకోండి. "ఏంట్రా ఇది, నీకేమైంది?" అని అడక్క మానదు. అప్పుడు మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆమె వినాల్సి వస్తుంది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో రాసిన మాట నిజమే. సాత్వికంతోనూ, ఎదుటివాళ్ళంటే గౌరవంతోనూ చెప్పమని కూడా అక్కడే రాశాడు. మన పద్ధతిలో ఎవరో అడిగేదాకా ఆగడమనేది లేదు గనక ఆ వచనం మనకు అట్టే పనికిరాదు.

సందర్భం చూసి పట్టుకోవడం

మంచి సందర్భమంటే అవతలివాళ్ళు లేచి వెళ్ళలేని సందర్భం. సెలైన్ ఎక్కుతున్న మనిషి పారిపోలేడు. ఆస్పత్రిలో పరామర్శకు వెళ్ళినప్పుడు పళ్ళు స్టూలు మీద పెట్టి, నలుగురు విశ్వాసుల్ని మంచం చుట్టూ నిలబెట్టి, ఈ జబ్బు ఎందుకొచ్చిందో వివరించండి. పక్క మంచం వాళ్ళకీ వినబడాలి. మాత్రలు వాడటం అల్పవిశ్వాసమని ఒక మాట జారవిడిచినా ఫర్వాలేదు, షుగర్ పెరిగితే బిల్లు కట్టుకునేది వాళ్ళే. లూకా వైద్యుడన్న సంగతి ఆ పూట ఎవరూ గుర్తు చేయకుండా చూసుకోండి.

చావింట అయితే ఇంకా మంచిది. పోయినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో మీరు వెళ్ళి చూసొచ్చినట్టు మాట్లాడండి. పెద్దకర్మ నాడు, భోజనాల బంతిలో, ఆయన కూతురు వడ్డిస్తూ మీ విస్తరి ముందుకొచ్చిన క్షణం చూసుకుని అంటే మాట నేరుగా గుండెకు తగులుతుంది. యోబు స్నేహితులు అతని దుఃఖం చూసి ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదట. వారం రోజులు వృథా. ఆ తర్వాత వాళ్ళు నోరు విప్పి, నీ పాపం వల్లే నీకీ గతి పట్టిందని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు చూశారా, మనకు ఆదర్శం అక్కడి నుంచి మొదలవుతుంది. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో తెలుసుకోవాలన్న కుతూహలం వద్దు.

పండగలు ఎటూ ఉన్నాయి. వినాయక చవితికి పక్కింటి అత్తయ్యగారు ఉండ్రాళ్ళ గిన్నె పట్టుకుని వస్తారు. తినడమా మానడమా అన్నది మనస్సాక్షికి సంబంధించిన విషయం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దీని గురించే వరసగా 8, 9, 10 అధ్యాయాల్లో చర్చించాడు. తినేవాడి మనస్సాక్షినీ, చూసేవాడి మనస్సాక్షినీ కూడా లెక్కలోకి తీసుకున్నాడు. మనకంత తీరిక లేదు. మర్యాదగా "మాకు అలవాటు లేదండీ, కాసేపు కూర్చుని వెళ్ళండి" అని కాఫీ ఇచ్చి పంపే వీలుంది గానీ అందులో సాక్ష్యం కనిపించదు. గిన్నె గుమ్మం దాటకముందే ఆపి, వీధి అంతా వినేలా కారణం చెప్పండి. డిసెంబరు 25న అదే గుమ్మానికి కేకు ముక్కలు పట్టుకుని వెళ్ళండి. వాళ్ళు తీసుకోకపోతే దేశంలో మతసామరస్యం నశించిపోయిందని బాధపడండి.

ఏ భాషలో చెప్పాలి

ఇంట్లో మాట్లాడే తెలుగు పనికిరాదు. పెదనాన్న తలుపు తీయగానే "రక్షించబడ్డారా?" అని అడగండి. దేన్నుంచి అని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీరు జవాబు ఆలోచించుకుని రాలేదు గనక గొంతు పెంచండి. మాట మధ్యలో "మీలాంటి అన్యులు" అని ఒకటికి రెండుసార్లు వాడండి. చిన్నప్పుడు ఆయన చేతి ముద్దలు తిని పెరిగిన మీరు ఆయన్ని అన్యుడన్నప్పుడు ఆ ముఖంలో వచ్చే మార్పును ఆత్మ చేస్తున్న కార్యంగా గుర్తించి స్తోత్రం చెప్పండి.

అవతలివాళ్ళకి తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టే పాత అలవాటు కొందరికి ఉంది. పౌలు ఏథెన్సులో చేసింది అదే. ఊరంతా తిరిగి చూసి, వాళ్ళు తెలియని దేవుడికి కట్టిన బలిపీఠం గురించి మొదలుపెట్టి, వాళ్ళ కవుల మాటే ఎత్తుకున్నాడు. మన దగ్గరా ఈ జాడ్యం ఉంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాస్తే రాగం, తాళం కట్టి రాశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాట పైన రాగతాళాలు అచ్చేస్తారు. జాషువా గారు క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా రాశారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1978లో కరుణామయుడు సినిమా వస్తే బొట్టు పెట్టుకున్నవాళ్ళూ పెట్టుకోనివాళ్ళూ ఒకే నేల టికెట్టు మీద కూర్చుని ఏడ్చారు.

వీటితో ప్రమాదం ఏమిటంటే మీ చేతిలో ఏమీ మిగలదు. మీ పెదనాన్న కుర్రతనంలో నాటకాల్లో పద్యాలు పాడినవాడైతే జాషువా పద్యం ఒకటి వినిపించి చూడండి. కళ్ళజోడు సవరించుకుని, మళ్ళీ చదవమంటాడు. తనకొచ్చిన గబ్బిలం పద్యం ఒకటి అందుకుంటాడు. పెద్దమ్మ టీ పెడుతుంది. రాత్రి భోజనం వేళకు మీరిద్దరూ క్రీస్తు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుని ఉంటారు గానీ, మీరు తయారు చేసుకొచ్చిన ప్రసంగంలో ఒక్క ముక్కా అయి ఉండదు. సినిమా వేసినా అంతే. కనీసం సిలువ ఘట్టం దగ్గర రిమోట్ నొక్కి ఆపి, వివరణ ఇవ్వండి.

ఇంకో మాట. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోవాలి. మీ తోడల్లుడు శబరిమలకు ఎందుకు వెళ్తాడో, నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా నడిస్తే అతనికి ఏం దొరుకుతుందో చెప్పబోతాడు. వినకండి. వింటే అతనికీ భయాలున్నాయని, అతనూ రాత్రుళ్ళు ఏదో ఒకదాన్ని పిలుస్తాడని తెలుస్తుంది. ఆ తర్వాత తిట్టడానికి మనసొప్పదు.

సమరయ స్త్రీ కథ తెలిసినవాళ్ళు ఇక్కడ అడ్డు తగలవచ్చు. బావి దగ్గర యేసు మొదట అన్న మాట బోధ కాదు, తాగడానికి నీళ్ళిమ్మని ఆమెనే అడిగాడు అంటారు. నిజమే. అక్కరతో అడిగినవాడి ముందు ఎవరైనా మెత్తబడతారు. అందుకే మీరు చుట్టాల దగ్గర ఏ సాయమూ అడగకండి. మీకు తక్కువైంది ఏదీ లేదన్నట్టే ఉండండి.

ఫోను ఉండగా నోరెందుకు

కుటుంబ వాట్సాప్ గ్రూపు అనేది తాతగారి పేరు మీద ఉంటుంది, అందరూ ఉంటారు, పరువు కోసం ఎవరూ బయటికి పోరు. తెల్లవారుజామున నాలుగున్నరకి గులాబీ పువ్వుల మీద వాక్యం పెట్టండి. ఐదింటికి ప్రసంగం వీడియో. బాబాయి వేంకటేశ్వరస్వామి బొమ్మతో శుభోదయం పెడితే ఆత్మీయ యుద్ధం మొదలైనట్టు. ఆయన బొమ్మకు రెండు వాక్యాల చొప్పున బదులివ్వండి. ఆ గ్రూపులోనే మొన్న చిన్నాన్న కూతురు ఉద్యోగం పోయిందని పెట్టింది. దానికి జవాబు ఇవ్వడం మరిచిపోతే బెంగపడకండి, మీ పువ్వు వెళ్ళింది కదా.

లాభం చూపించడం

చుట్టాలకు మన దేవుడి గురించి చెప్పేకంటే మన దేవుడి వల్ల ఏమేం వస్తాయో చెప్పడం తేలిక. అమ్మాయికి అమెరికా వీసా, అబ్బాయికి సంబంధం, స్థలం రిజిస్ట్రేషన్. రాకపోతే విశ్వాసం చాలలేదని చెప్పే సదుపాయం ఎలాగూ ఉంది.

ఈ విషయంలో ఒంగోలు చరిత్ర మనకు అడ్డంగా నిలబడుతుంది గనక జాగ్రత్తగా దాటాలి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తే ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారా, నమ్మి వచ్చారా తేలాలని కరువు పని సాగినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగాక, ఇక చేతిలో పెట్టడానికేమీ లేని రోజుల్లో, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి ఇప్పించాడు. మనమైతే కాలువ గట్టు మీదే, మస్టర్ రోల్ పక్కనే, బాప్తిస్మాల రిజిస్టరు తెరిచేవాళ్ళం.

కాగితాల దగ్గర

మీ పెదనాన్న కొడుకు ఆరాధనకు వస్తున్నాడు, పాటలు పాడుతున్నాడు, బాప్తిస్మం అనేసరికి తల దించుకుంటున్నాడు. కారణం అడిగితే చెప్పడు. మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. మతం మారిన ఎస్సీలకు మన దగ్గర దక్కేది బీసీ-సీ, అంటే ఒక్క శాతం రిజర్వేషన్. అతని కూతురు ఇంటర్ చదువుతోంది, మెడిసిన్ అంటోంది. మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎవరినైనా అడగండి, గుడి మారితే ఊరు చూసే చూపు మారిందేమో చెబుతారు. చూపు మారలేదు, సర్టిఫికెట్టు మాత్రం మారాలి. ఈ ముడి విప్పడం పార్లమెంటుకే చేతకాలేదు.

మీరు మాత్రం అదంతా పట్టించుకోకుండా అతనికి విశ్వాసం లేదని నిండు సంఘంలో ప్రార్థనాంశంగా చెప్పండి. మీ పిల్లల సర్టిఫికెట్లలో ఏముందో ఎవరూ అడగరు, బీరువా తాళం మీ దగ్గరే ఉంది. ఎవరైనా చట్టం మాట ఎత్తితే ఆర్టికల్ 25 అని గట్టిగా అనండి. నమ్మే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసే హక్కు అందులో ఉన్నాయి. ప్రచారం చేసే హక్కంటే తన విశ్వాసాన్ని వివరించి చెప్పుకునే హక్కేనని, ఎదుటివాణ్ణి మార్చేసే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి వాళ్ళే తెలుసుకుంటారు.

ఆత్మల లెక్క

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. బావ, బావమరిది, ఆఫీసులో ఇద్దరు, పాలవాడు. పేరుకు ఎదురుగా గడువు తేదీ. ప్రభువు గడువు పెట్టలేదుగా అంటారేమో, అదే ఆయన ఇంట్లో పని ఆలస్యం కావడానికి కారణం. సొంత తమ్ముళ్ళే ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. ఆ తమ్ముళ్ళలో ఒకడైన యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. ఆ మధ్యకాలాన్ని మన నోటుబుక్కులో ఏ గడిలో రాస్తాం?

పేరయ్య గారి కథ కూడా ఇలాగే లెక్కకు అందదు. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. క్రీస్తు పేరు వినకముందే గురువుల దగ్గర యోగం నేర్చుకుని, ఒక్కడే దేవుడని నమ్మి, తనవాళ్ళలో గురువు అనిపించుకున్నవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఇంటికి తిరిగి వెళ్ళాడు. తెలిసిన పల్లెల్లో, తెలిసిన ఇళ్ళలో, తనవాళ్ళ దగ్గరే కూర్చుని చెప్పాడు. మరుసటి ఏడాది క్లౌ ఆ వైపు వెళ్ళేసరికి జనం ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. ఒంగోలు ప్రాంతంలో విశ్వాసం పెద్ద సభల కంటే ఎక్కువగా ఇలా బంధుత్వాల వెంట నడిచింది. క్లౌ భార్య ఎమ్మా 1899లో వైల్ సోయింగ్ శాండల్స్ అనే పుస్తకంలో ఈ మాదిగ కుటుంబాల కథలే రాసింది. పేరయ్య మాట విన్నవాళ్ళంతా ఆయన్ని ముందునుంచీ ఎరిగినవాళ్ళు. ఆయన తూకం ఎలాంటిదో, బేరం ఎలాంటిదో వాళ్ళకి తెలుసు.

మన పరిస్థితి వేరు గనక ఈ కథను వార్షికోత్సవాల్లో చెప్పి, చప్పట్లు కొట్టి, వదిలేయండి.

అత్యవసర పరిస్థితి

ఇన్ని చేశాక కూడా ఒక్కోసారి పద్ధతి వికటిస్తుంది. మీరు గ్రూపులో పెట్టిన పువ్వులేవీ చూడని బావమరిది ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేస్తాడు. ఆఫీసు సంగతులు చెబుతాడు, మీ చెల్లెలు పడుకుందంటాడు, కాసేపు ఏమీ మాట్లాడడు. "బావా, ఒకటి అడగనా? నీకు భయమేసినప్పుడు నిజంగానే ప్రార్థన చేస్తావా? ఎవరైనా వింటున్నట్టుంటుందా?" అంటాడు.

ఇది చాలా ప్రమాదకరమైన ప్రశ్న. వాక్యాలు వల్లించే వీలు లేదు, అతనికవి అక్కర్లేదు. ఉన్నమాట చెబితే మీకు వినబడని రాత్రులు కూడా ఉన్నాయని చెప్పాల్సి వస్తుంది. అతను ఇంకోటి అడుగుతాడు, తెల్లవారుతుంది, ఆ తర్వాత మీరిద్దరూ పాత బావా బావమరుదుల్లా ఉండరు. నోటుబుక్కులో దీనికి గడి లేదు. కాబట్టి ఫోన్ చార్జింగు అయిపోతోందని చెప్పండి. పాస్టరు గారి నంబరు వాట్సాప్‌లో పంపండి, పక్కన చేతులు జోడించిన బొమ్మ ఒకటి. ఆదివారం రెండో ఆరాధన పదిన్నరకని, కారు పార్కింగు వెనక వీధిలో ఉందని రాయడం మరవకండి.